చార్టర్ విమానం మాట్లాడుకుంటున్నారా? బేరం ఎక్కడ తెగుతోందో చూసుకోండి

తిరుపతికో షిరిడీకో చిన్న విమానం మాట్లాడుకుందామనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. ఏజెంటు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాను, అక్కడ తేలాలి.

మా అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి, రైలెక్కడం కష్టం. అన్నయ్య అమెరికా నుంచి పది రోజులకని వచ్చాడు. మేనల్లుడికి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలి. మొత్తం ఏడుగురం. హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామని జంట ఇంజిన్ల టర్బోప్రాప్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) ఒకటి వాట్సాప్‌లోనే కుదుర్చుకున్నాం. పోనూ రానూ గాల్లో ఉండేది రెండున్నర గంటలు. మిగతా వాళ్లు చెప్పిన రేటుకంటే లక్షన్నర తక్కువ.

అంత తక్కువకు ఎలా వచ్చిందో చెబుతాను. ఏజెంటు ముందు రెండు లెక్కలు పంపాడు. ఒకటి, పైలట్లు ఆ రాత్రి తిరుపతిలో హోటల్లో ఉండి మర్నాడు ఉదయం మమ్మల్ని తీసుకురావడం. రెండోది అదే రోజు తిరుగు ప్రయాణం. హోటలు, పార్కింగు, రెండో రోజు పైలట్ల ఖర్చు మనకెందుకని మొదటిది కొట్టేయించాం. బాగా బేరమాడామని అన్నయ్య నా భుజం కూడా తట్టాడు. మేం కొట్టేయించింది పైలట్ల నిద్ర అని అప్పుడు తట్టలేదు.

తెల్లవారుజామున అయిదింటికి ఎక్కాం. కెప్టెన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాటల్లో తెలిసింది, రాత్రి ఒంటిగంటకు నాగ్‌పూర్ నుంచి ఖాళీ విమానం తెచ్చాడట, మళ్లీ నాలుగింటికి డ్యూటీలో ఉన్నాడట. "అలవాటే సార్" అన్నాడు. మేమూ నవ్వేసి కూర్చున్నాం. ఇంటి ముందు కారు డ్రైవర్ అదే మాట అంటే తాళాలు లాక్కునేవాళ్లం కదా!

మూడింటికల్లా కొండ దిగుతామని చెప్పాం. దర్శనం ఆలస్యమైంది, అమ్మ నడక సంగతి సరేసరి. రేణిగుంట చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. పైలట్లిద్దరూ పొద్దుటి నుంచి ప్లాస్టిక్ కుర్చీల్లోనే ఉన్నారు, గది లేదు. "పగలంతా ఖాళీయే కదా, రెస్టు తీసుకున్నట్టే" అన్నది ఎవరో కాదు, నేనే. ఆ మాట ఎంత తప్పో తర్వాత చదివి తెలుసుకున్నాను. పైలట్ డ్యూటీ లెక్క విమానం లేచినప్పుడు మొదలు కాదు, రిపోర్టు చేసిన నిమిషం నుంచి నడుస్తుంది. మనం క్యూలో ఉన్నంతసేపూ ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఎండలో కుర్చీలో తీసిన కునుకు విశ్రాంతి కిందికి రాదు.

17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు పరీక్షించి చూపించారు. మన రోడ్ల మీద బ్రీత్ ఎనలైజర్ పట్టుకునే పరిమితి 0.03. మా కెప్టెన్ నాలుగింటికి రిపోర్టు చేశాడు, మేం తిరిగి లేచేసరికి దాదాపు తొమ్మిది. లెక్క మీరే వేసుకోండి. దానికి ముందు రాత్రి నిద్రే లేదు. పైగా రాత్రి రెండు నుంచి ఆరు మధ్య ఒంట్లో చురుకు అడుగంటుతుందని డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ) నిబంధనలే చెబుతాయి. మా పొద్దుటి ప్రయాణం సరిగ్గా అందులోనే మొదలైంది. 2010 మే 22న మంగళూరులో 158 మంది పోయిన ప్రమాదం తెల్లవారి ఆరు ప్రాంతంలోనే జరిగింది. కెప్టెన్ గురక కాక్‌పిట్ రికార్డర్‌లో దొరికింది. నిద్ర లేచిన మత్తు వదలకుండానే విమానం దించబోయాడని విచారణ తేల్చింది. అది పెద్ద విమానం, పెద్ద వ్యవస్థ. ఇక్కడ ఏజెంటు ఫోను తప్ప ఏముంది?

తిరుగు ప్రయాణంలో మా బావ కాక్‌పిట్ వెనక సీట్లోనే ఉన్నాడు. కెప్టెన్ గడ్డం రెండుసార్లు గుండెలకు ఆనిందట. పక్కన కుర్రాడు "సార్, సార్" అంటూ మోచేత్తో పొడిచాడట. బావ ఆ సంగతి దిగాకే చెప్పాడు, అమ్మ భయపడుతుందని.

దిగాక అయినా గండం గడిచిందనుకున్నాం. విమానం ఆగింది, ఎడమ ఇంజిన్ ఆపారు, తలుపు తెరిచారు. కుడి ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపడం మర్చిపోయాడో, ఆలోచన అందలేదో నాకు తెలియదు. ఈ రకం విమానానికి తలుపు ఎడమ పక్క, రెక్క వెనకాల ఉంటుంది. మమ్మల్ని తీసుకెళ్లే వ్యాను కుడి పక్క, ముందు వైపు నిలబడి ఉంది. ముందు దిగి రెక్క దగ్గర కాపలా నిలబడాల్సిన కో పైలట్ వెనక సామాను లాగుతున్నాడు. గుండు మీద టోపీ పెట్టుకున్న మా నాలుగేళ్ల వాడు వ్యాను చూడగానే పరుగందుకున్నాడు. విమానం ముక్కు చుట్టూ తిరిగి తిన్నగా కుడి ప్రొపెల్లర్ ముందుకే. బావ వాడి చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. మధ్యలో రెండు బారల దూరం కూడా లేదు.

మోత వినపడదా అంటారేమో. పక్కనే ఇంకో విమానం మోగుతుంటే ఏ మోత ఎక్కడిదో తెలియదు, దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేసి ఉంటాయి కూడా. తిరిగే ప్రొపెల్లర్ పగలే సరిగా కనపడదు, రాత్రి లైట్ల కింద అసలు లేనట్టే ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో కేదార్‌నాథ్ హెలిప్యాడ్ దగ్గర టెయిల్ రోటర్ తగిలి చనిపోయింది ఆ రాష్ట్ర విమానయాన సంస్థ అధికారే. విమానయాన సంస్థలో పనిచేసే మనిషికే అలా జరిగింది. (ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్లి ప్రొపెల్లర్ పట్టుకుని ఫొటోలు దిగేవాళ్లకు: పిస్టన్ ఇంజిన్ల విమానంలో, ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలో లోపం ఉంటే స్విచ్చి ఆపి ఉన్నా, చేత్తో తిప్పితే ఇంజిన్ అంటుకోవచ్చు. పక్కన నిలబడి దిగండి చాలు.)

మర్నాడు బిల్లు తెరిచి చూశాను. "ఖర్చుల రీయింబర్స్‌మెంట్" అని ఉంది, చార్టర్ అన్న మాటే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, గేటు దగ్గర ఎవరైనా అడిగితే ఫలానా కంపెనీ అతిథులమని చెప్పమన్నాడు ఏజెంటు. డబ్బు తీసుకుని జనాన్ని తిప్పాలంటే డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. సొంత వాడకానికి నమోదైన విమానాన్ని ఇలా అద్దెకు తిప్పకూడదు. 2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ఇంగ్లిష్ చానెల్‌లో కూలి చనిపోయిన చిన్న విమానం కథా ఇదే. ఆ పైలట్‌కు కమర్షియల్ లైసెన్సు లేదు, రాత్రి నడిపే అర్హతా లేదు. ప్రయాణం కుదిర్చిన మనిషికి 18 నెలల జైలు పడింది.

అడ్వాన్సు పంపే ముందు పర్మిట్ కాపీ అడగండి. అందులో ఉన్న వీటీ నంబరూ (వీటీతో మొదలయ్యే విమాన రిజిస్ట్రేషన్ నంబరు) విమానం తోక మీది నంబరూ ఒకటేనా చూడండి. మీ ఇన్సూరెన్స్ పాలసీలో విమాన ప్రయాణం గురించి ఏం రాశారో చదవండి. కెప్టెన్‌ను నిన్న ఎన్నింటికి దిగారు, ఇవాళ ఎన్నింటికి రిపోర్టు చేశారు అని మొహం మీదే అడగండి, మర్యాద తక్కువేం కాదు. పైలట్లకు హోటల్ గది మీరే బుక్ చేయండి. మీకు ఆలస్యమైతే "రేపు పొద్దున వెళ్దాం" అనాల్సింది మీరే, ఎందుకంటే ఆ మాట అంటే ఇంకోసారి పిలవరని వాళ్లు అనరు. రెండు ఇంజిన్లూ పూర్తిగా ఆగేదాకా తలుపు తెరవనివ్వొద్దు. పిల్లల్ని చేయి పట్టి నడిపించడం కాదు, ఎత్తుకోండి.

ఏజెంటుకు ఫోన్ చేసి అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. మళ్లీ మీరు వెళ్లేటప్పుడు పదిశాతం తగ్గిస్తాను సార్ అన్నాడు.