సిజేరియన్ల మీద నర్సుల పరిశోధన: కేస్ షీట్లా, తల్లుల మాటలా?

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో థీసిస్ అనగానే మన దగ్గర ముందు గుర్తొచ్చేది ఒకటే: గర్భిణులకు ప్రీ-టెస్ట్, ఒక క్లాసు, ఆపైన పోస్ట్-టెస్ట్. మార్కులు పెరుగుతాయి. జవాబులు చెప్పి మళ్లీ అవే ప్రశ్నలడిగితే పెరగక ఏమవుతాయి! డిగ్రీకి పనికొస్తుంది, లేబర్ రూంలో మాత్రం ఏమీ మారదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో ప్రసూతి వార్డులో ఉన్న నర్సు దీని మీద పనిచేయాలంటే కేస్ షీట్లు తిరగేయాలి, లేదా తల్లులతో మాట్లాడాలి.

ముందు కేస్ షీట్లే మేలంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసిన రాబ్సన్ పద్ధతిలో కాన్పులన్నీ పది గ్రూపులవుతాయి. ఎన్నో కాన్పు, పాత ఆపరేషన్ ఉందా, ఒక్క బిడ్డా కవలలా, తల కిందికుందా, ఎన్ని వారాలు, నొప్పులు ఎలా మొదలయ్యాయి: ఇవి తెలిస్తే చాలు. నెలలు నిండి, నొప్పులు వాటంతటవే వచ్చిన తొలి కాన్పులు, బిడ్డ తల కిందికే ఉన్నవి, మొదటి గ్రూపు. అందులో సిజేరియన్లు ఎక్కువుంటే లేబర్ రూంనే ప్రశ్నించాలి: తోడు మనిషిని ఉండనిచ్చారా, నడవనిచ్చారా, గర్భాశయ ముఖం ఐదు సెంటీమీటర్లు తెరుచుకోకముందే కాన్పు సాగట్లేదని తేల్చేశారా? రెండో గ్రూపువీ ఇలాంటి తొలి కాన్పులే, కాకపోతే నొప్పులు మందుతో రప్పించినవి, లేదా నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసినవి. అందులో నొప్పులే రాకుండా ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువైతే నిర్ణయం ముందే జరిగిపోయినట్టు. అక్కడ మిడ్‌వైఫ్ ఎంత ఓపిక పట్టినా ఫలితం ఉండదు. పాత సిజేరియన్ ఉండి, ఇప్పుడు నెలలు నిండి, ఒక్క బిడ్డే తల కిందికున్నవాళ్లది ఐదో గ్రూపు. అది తగ్గాలన్నా తొలి కాన్పు దగ్గరే జాగ్రత్తపడాలి.

కానీ ముహూర్తం కోసం ఆపరేషన్ చేయించుకున్నారని ఏ షీటులో రాస్తారు? దానికి ఇంటర్వ్యూనే దిక్కు. మంచం పక్కన నిలబడి అడిగితే "మంచిగనే చూసిండ్రు మేడమ్" అంటారు, ఇంకా డిశ్చార్జ్ కాలేదు మరి. ఆరో వారం టీకాకు సబ్‌సెంటర్‌కొచ్చినప్పుడు యూనిఫాం లేని మనిషి అడిగితే వేరే మాట వస్తుంది. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ తెలిసినవాళ్లు వెంట ఉండాలి, ఆ పని అత్తకు అప్పగించొద్దు.

రెండింటికీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆరు నెలలే ఉంటే కేస్ షీట్లతో ఆపండి. ఏడాది ఉంటే, సిజేరియన్లు ఎక్కువ తేలిన గ్రూపు తల్లులనే వెతికి మాట్లాడండి.