ఈకల పురుగుకు పదకొండు రకాలు: టెక్సస్ నీళ్లలో నాలుగు రోజులు

మా ఊళ్లో గాలమంటే వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొబ్బరి చిప్పలో వానపాములు. నాన్న ఆదివారం కాలువ గట్టున కూర్చుంటే సాయంత్రానికి గొరకలు, మట్టగిడసలు, చేదుపరిగెలు, వేళ బాగుంటే ఒక కొర్రమేను ఇంటికి చేరేవి. అందుకే ఫ్లై ఫిషింగ్ నేర్చుకుంటున్నానని ఫోనులో చెప్పగానే ఆయన రెండు ప్రశ్నలు వేశారు. ఎర లేకుండా చేప ఎందుకు వస్తుంది? వచ్చిన చేపను ఎందుకు వదిలేస్తారు?

మొదటిదానికి జవాబు చెప్పగలిగాను. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, నూలు చుట్టి పురుగులాగో చేపపిల్లలాగో కనిపించేలా కడతారు. దాని పేరే ఫ్లై. నాన్న బెండుకు వాడే నెమలి ఈకకు ఇక్కడా గిరాకీ ఉంది, దాని పీచుతో పురుగు ఒళ్లు చుడతారు. ఫ్లైకి బరువుండదు కాబట్టి బరువంతా దారంలోనే ఉంటుంది. ఆ దారాన్ని కొరడాలా వెనక్కీ ముందుకీ ఆడించి విసరాలి. రెండో ప్రశ్నకు ఆయన ఒప్పుకునే జవాబు నాకింకా దొరకలేదు.

మేముండేది ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో. ఏప్రిల్ మధ్యలో నాలుగు రోజులు కలిసి వస్తే నేనూ మా బావమరిదీ కారెక్కాం. అతనికి కావలసింది ట్రౌట్ అనే చల్లనీటి చేప, అదీ ఫొటోలో నిండుగా కనిపించేది. నాకు పరిమాణం మీద మోజు తక్కువ. ఎన్ని రకాలు తగులుతాయో రాసుకుందామని జేబులో ఒక చిన్న నోటుపుస్తకం వేసుకున్నాను.

మొదటి మజిలీ సాట్లర్, కాన్యన్ డ్యాం కింద గ్వాడలూప్ నది. డ్యాం 1964లో పూర్తయింది. జలాశయం అడుగు నుంచి వదిలే నీరు టెక్సస్ ఎండతో సంబంధమే లేనట్టు చల్లగా వస్తుంది. ఆ చలువను నమ్ముకునే ప్రతి చలికాలం ఇందులో రెయిన్‌బో ట్రౌట్ తెచ్చి వదులుతారు. అమెరికాలో ట్రౌట్ దొరికే దక్షిణపు కొసల్లో ఇదొకటి. దిగడానికి దారి దొరకడమే ఇక్కడ కష్టం. నది అడుగు ప్రజలది, గట్టు మాత్రం భూమి యజమానిది. 1966లో మొదలైన గ్వాడలూప్ రివర్ ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంఘం సభ్యుల కోసం కొన్ని గట్లను అద్దెకు తీసుకుంటుంది. చలికాలంలో నాలుగైదు సార్లు వెళ్లేవాళ్లకు ఆ రుసుము గిట్టుబాటవుతుంది. ఒక్క పూట కోసమైతే అనవసరం.

మేము గైడును, రబ్బరు పడవను మాట్లాడుకున్నాం. సగం రోజుకు, ఇద్దరికీ కలిపి 450 డాలర్లు. గైడు మంచివాడు. మాటలు తక్కువ, నీటిని చదవడం ఎక్కువ. బండరాయి వెనక ఏ చేతి వెడల్పులో చేప నిలుస్తుందో వేలుపెట్టి చూపించాడు. బావమరిదికి నాలుగు, నాకు రెండు ట్రౌట్లు వచ్చాయి. అందమైన చేపే, పక్కన గులాబీ చార, ఒంటినిండా మిరియాలు చల్లినట్టు చుక్కలు. కానీ దగ్గరగా చూస్తే రెక్కల అంచులు అరిగి ఉన్నాయి. సిమెంటు తొట్టెల్లో పెరిగిన గుర్తు అది. డబ్బిచ్చి కొన్న చేపను మళ్లీ డబ్బిచ్చి పట్టుకున్నట్టు అనిపించింది. బావమరిదితో అంటే, "ఫొటోలో రెక్కలు ఎవరు చూస్తారు బావా" అన్నాడు. ఒకటి వండుకుందామనీ అడిగాడు. మేమున్న భాగంలో 18 అంగుళాలు దాటినది ఒక్కటే తీసుకోవచ్చు, ఎర వాడకూడదు. మావి ఏవీ ఆ కొలతకు రాలేదు. పడవ ఆపిన చోట రాళ్ల సందులో నాకు ఒక రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్ తగిలింది. రెండో రకం.

బస విషయంలో మాత్రం మోసపోయాం. నది ఒడ్డు క్యాబిన్ అని రాత్రికి 210 డాలర్లు తీసుకున్నారు. కిటికీలోంచి నది కనిపించాలంటే బాత్రూములో నిలబడాలి. పక్క క్యాబిన్‌లో ట్యూబుల మీద తేలడానికి వచ్చిన కుర్రాళ్లు రెండింటి దాకా పాటలు పెట్టారు. అద్దెకు తెచ్చుకున్న వేడర్స్, అంటే ఛాతీ దాకా వచ్చే రబ్బరు లాగు, ఎడమ కాలి దగ్గర కారింది. ట్రౌట్ నీటి చలి ఎంతో నా ఎడమ పాదం చెబుతుంది. అద్దెకు తీసుకునేటప్పుడు వెలుతురుకు ఎత్తి కుట్లు చూసుకోండి.

రెండో రోజు మధ్యాహ్నానికి జంక్షన్ చేరాం. ఊరి పేరే జంక్షన్. నార్త్ లానో, సౌత్ లానో నదులు కలిసే చోటు. అక్కడి మోటెల్ 85 డాలర్లు. దుప్పట్లు పాతవే, నీళ్లు వేడివే, నిద్ర పట్టింది. సౌత్ లానో రివర్ స్టేట్ పార్కు ఊరికి కొద్ది దూరంలోనే ఉంది. పార్కు లోపల ఒడ్డు నుంచి పట్టేవారికి ఫిషింగ్ లైసెన్సు అక్కర్లేదు, ప్రవేశ రుసుము కడితే చాలు. అక్టోబరు నుంచి మార్చి దాకా అడవి టర్కీ కోళ్లు రాత్రుళ్లు చెట్లెక్కే నది పక్క భాగాన్ని మూసేస్తారు, అందుకే ఏప్రిల్ నయం. పార్కు బయట కూడా పట్టదలచుకుంటే లైసెన్సు తీసుకోండి. ఆరు నెలలుగా టెక్సస్‌లో నివసిస్తుంటే, వీసా మీద ఉన్నా సరే, స్థానికుల ధరే. నదులకూ సముద్రానికీ కలిపి నాకు 40 డాలర్లయింది.

ఈ నదికి ఊటలే ప్రాణం. నీరు ఎంత తేటగా ఉంటుందంటే, చేప మన ఫ్లైని చూసి మొహం తిప్పుకోవడం కూడా కనిపిస్తుంది. మొదటి గంటలోనే గ్వాడలూప్ బాస్ వచ్చింది. 1989 నుంచి ఇది టెక్సస్ రాష్ట్ర చేప, మనకు తెలంగాణకు కొర్రమేను ఎలాగో అలాగ. చిన్నదే, నాది అరచేయి దాటి నాలుగు వేళ్లు. కానీ వడి నీటిలో ఉండే చేప కావడంతో ప్రవాహాన్ని భుజానేసుకుని లాగుతుంది. 1970ల్లో ప్రభుత్వమే ఈ నదుల్లో స్మాల్‌మౌత్ బాస్ వదిలితే రెండూ కలిసిపోయి అసలు జాతి పలచబడింది. తర్వాత అదే ప్రభుత్వం శుద్ధజాతి పిల్లల్ని పెంచి ఈ సౌత్ లానోలో వదలవలసి వచ్చింది. లార్జ్‌మౌత్ బాస్ కూడా ఇక్కడే, నిదానపు మడుగులో వచ్చింది. తేడా తెలియాలంటే నోరు చూడాలి. లార్జ్‌మౌత్ దవడ కన్ను దాటి వెనక్కి పోతుంది.

ఇక సన్‌ఫిష్‌లు. స్థానికులు అన్నింటినీ కలిపి పెర్చ్ అనేస్తారు, మనవాళ్లు చిన్న చేపలన్నింటినీ పరిగెలన్నట్టు. నోటుపుస్తకం ఉన్నవాడికి అది చాలదు. మొప్ప మూత చివర చెవిలా ఒక నల్లటి తోక ఉంటుంది, గుట్టంతా అక్కడే. పొడుగ్గా, సన్నగా, అంచు లేకుండా ఉండి, రొమ్ము నారింజ రంగులో ఉంటే రెడ్‌బ్రెస్ట్. అదే చెవికి తెల్లటి అంచు ఉండి, బుగ్గల మీద నెమలి నీలం గీతలు పాకితే లాంగియర్. నోరు ఒంటికి మించిపోయి, రెక్కల కొసలు పసుపుగా ఉంటే గ్రీన్ సన్‌ఫిష్. చిన్న నోరు, వీపు రెక్క వెనక భాగంలో మసి మచ్చ ఉంటే బ్లూగిల్. సాయంత్రానికి నాలుగూ చూశాను. ఇవి తమలో తాము సంకరం కూడా అవుతాయి. ఒకదాన్ని పది నిమిషాలు తిప్పి చూసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి లెక్కలో వేయకుండా వదిలాను. లాంగియర్ మగచేపను ఏప్రిల్ ఎండలో చేతిలో పట్టుకున్నాక ట్రౌట్‌ను అందగత్తె అనడం నాకు కష్టమైంది.

నేను అసలు వెతికింది రియో గ్రాండ్ సిక్లిడ్. తిలాపియా కుటుంబమే, అమెరికాలో సొంతంగా ఉన్న సిక్లిడ్ ఇదొక్కటే. చలికి తట్టుకోదు, ఊట నీటి వెచ్చదనం ఉన్నచోటే శీతాకాలం గట్టెక్కుతుంది. ఒంటినిండా లేత నీలం చుక్కలు. గుడ్లు పెట్టే కాలంలో ముందు సగం తెల్లగా, వెనక సగం నల్లగా మారుతుంది. అలాంటి జంట ఒకటి గూడు కాస్తూ కనిపించింది. దాని మీద ఫ్లై వేస్తే కోపంతోనైనా పట్టుకుంటుంది, కానీ కాపలా తప్పితే గుడ్లు ఇతర చేపల పాలు. ఇంకో మడుగులో ఒంటరిగా తిరిగేదాన్ని పట్టాను. చీకటి పడేముందు వూలీ బగ్గర్ అనే నల్లటి ఫ్లైకి చానెల్ క్యాట్‌ఫిష్ వచ్చింది. తొమ్మిది.

తప్పిపోయినవీ రాసుకున్నాను. తోకలు పైకెత్తి బురద తవ్వే కామన్ కార్ప్, మన బంగారుతీగే. చెరువుల్లో తవుడు తినే ఆ చేప ఇక్కడ నా ఫ్లైలన్నింటినీ చూసి పక్కకు తప్పుకుంది. లాంగ్‌నోస్ గార్ అనే పొడుగు మూతి చేపకు కొక్కెం పనిచేయదు, దాని మూతి ఎముక. నైలాను తాడు ముక్కను పీచులుగా విప్పి, కొక్కెం లేకుండానే వేస్తారు. పళ్లు పీచులో చిక్కుకుంటాయి. బావమరిదికి అలా అర నిమిషం చిక్కి, తల విదిలించుకుని పోయింది. ఆ అర నిమిషం తర్వాత అతను ట్రౌట్ మాట ఎత్తలేదు.

మూడో రోజు కాయక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, అద్దెకు తీసుకున్నాం. యజమాని తన పాత ట్రక్కులో మమ్మల్ని పైన దింపి, కింద మా కారు దగ్గర చెప్పిన సమయానికి నిలబడ్డాడు. యాత్ర మొత్తంలో ఇంత నిక్కచ్చి సేవ ఇదొక్కటే, ధరా తక్కువే. శాకాహారులు మాత్రం పులిహోర కట్టుకుని వెళ్లాలి, ఊళ్లో మాంసం లేని భోజనం అంటే వేయించిన బంగాళాదుంపలే. వానలుంటే ఈ కొండ ప్రాంతపు నదుల వైపే వెళ్లకండి. 2025 జూలై 4న గ్వాడలూప్ ఎగువన, కెర్ కౌంటీలో, తెల్లవారేలోపు వచ్చిన వరద వంద మందికి పైగా ప్రాణాలు తీసింది.

నాలుగో రోజు సముద్రం ఒడ్డునున్న పోర్ట్ అరాన్సస్. నాకైతే అంత దూరం వెళ్లకపోయినా పోయేదేమీ లేదనిపించింది. రోజంతా ఈదురుగాలి. మోకాలి లోతు నీటిలో తోక దగ్గర నల్ల చుక్క ఉన్న రెడ్‌ఫిష్ ఒకటి దొరికింది, బలమైన చేప, కాదనను. కానీ 600 డాలర్లు తీసుకున్న గైడు గాలిని వదిలేసి నా విసురును తిట్టాడు, గంట ముందే పడవ ఒడ్డుకు చేర్చాడు. బుక్ చేసేముందు గాలి ఎక్కువైతే తేదీ మారుస్తారా అని రాతలో అడగండి. ఇద్దరే వెళ్లేటట్టయితే ఆ డబ్బుతో జంక్షన్‌లో నాలుగు రాత్రులు ఉండి, కాయక్‌లకూ మిగులుతుంది.

దిగేముందు చివరి విసురుకు హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్ వచ్చింది. గైడు మూతి ముడుచుకున్నాడు, ఇక్కడ దాన్ని ఎవరూ లెక్కచేయరు. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుందని శ్రావణంతో పట్టి వదిలాం. నేను మాత్రం నోటుపుస్తకంలో పదకొండు వేశాను.

ఆ రాత్రి నాన్నకు ఫొటోలు పంపి ఫోను చేశాను. పది చేపలకూ ఊ కొట్టి, పదకొండో దాని దగ్గర ఆగారు.

"ఇది జెల్ల కదరా?"

"అవును, ఆ జాతే."

"దాన్నైనా పులుసు పెట్టారా?"

"వదిలేశాం నాన్నా."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "ఇదిగో, నీ కొడుకు" అంటూ ఫోను అమ్మకు ఇచ్చేశారు.