పాత బొమ్మ రైలింజన్లు: రేకుదా, పోతదా, ప్లాస్టిక్‌దా, ఏది మేలు?

విజయవాడలోనో గుంటూరులోనో ఏ ఇంటి అటక మీదనైనా ఇంగ్లండులో తయారైన పాత బొమ్మ రైలింజను బయటపడితే, అది చాలావరకు మూడు రకాల్లో ఒకటై ఉంటుంది: హార్న్‌బీ పేరుతో 1920 నుంచి వచ్చిన రేకు ఇంజను, అదే సంస్థ 1938లో మొదలుపెట్టిన డబ్లో పోత ఇంజను, లేదా 1950ల నాటి ట్రయాంగ్ ప్లాస్టిక్ ఇంజను. కొనేవారూ అమ్మేవారూ ముందు వయసు గురించే మాట్లాడుకుంటారు కానీ, ధరను తేల్చేవి ఒంటి గట్టిదనమూ అసలు రంగూనే. ఆ లెక్కన మన ఎండకూ ఉక్కకూ తట్టుకునేది రెండో ప్రపంచ యుద్ధం తరువాతి డబ్లో అని నా నిశ్చితాభిప్రాయం.

గుర్తుపట్టడానికి ఒక స్కేలు, ఒక చిన్న అయస్కాంతం చాలు. రేకు ఇంజను నడిచే పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. డబ్లోకూ ట్రయాంగ్‌కూ అది 16.5 మిల్లీమీటర్లే. బాయిలరు మీద అయస్కాంతం అంటుకుంటే అది రేకు. అంటుకోకుండా, చేతిలో పెట్టుకుంటే బరువుగా తోస్తే జింకు మిశ్రమంతో పోసిన పోత, తేలికగా ఉంటే ప్లాస్టిక్.

రేకు ఇంజన్లలో చాలావాటికి తాళం తిప్పితే నడిచే స్ప్రింగు ఉంటుంది, వాటి అచ్చు రంగుల అందం మిగతా రెండింటికీ లేదు. అయితే రేకుకు తేమే శత్రువు. 2024లో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పటిలా ఒక్కసారి నానితే రంగు కింద మొదలైన తుప్పును ఆపడం చాలా కష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ఊళ్లలో రేకుల షెడ్డులో పడి ఉన్న తొలినాళ్ల ట్రయాంగ్ ఇంజను సంగతి ఇంకా కష్టం: సెల్యులోజు ఎసిటేటు ప్లాస్టిక్‌తో చేసిన ఆ ఒళ్లు కాలక్రమేణా వంకర తిరుగుతాయి, వేడి ఆ పనిని తొందరపెడుతుంది. వంకర పోయిన ఒంటిని సరిచేయబోతే విరుగుతుంది. ధర తక్కువ కనుక, పిల్లలతో కలిసి నడిపించుకోవడానికైతే ట్రయాంగ్ తప్పక కొనవచ్చు. దాచుకోవడానికి మాత్రం నేను సలహా ఇవ్వను.

డబ్లో విషయంలో యుద్ధానికి ముందుదా, తరువాతదా అన్నది అన్నింటికన్నా ముఖ్యం. ముందుదానికి అరుదైనదిగా ఎక్కువ ధర చెబుతారు. కానీ ఆనాటి పోత లోహంలో సీసం వంటి మలినాలు కలిసినచోట లోపలి నుంచే ఒళ్లు ఉబ్బుతుంది, వెంట్రుక మందపు పగుళ్లు వస్తాయి, చివరకు పొడిపొడిగా రాలుతుంది. దీనికి మందు లేదు, తేమ దాన్ని ఇంకా పెంచుతుంది. అందువల్ల బఫర్ల (ఇంజను చివర గుద్దుడును ఆపే గుండ్రటి బొడిపెల) దగ్గర, అడుగున చక్రాల చట్రం పొడవునా భూతద్దంతో చూడాలి, చట్రం విల్లులా వంగి ఉంటే ఎంత పేరున్నదైనా వదిలేయాలి. సర్ నైజెల్ గ్రెస్లీ అనే పేరున్న నీలం రంగు డబ్లో ఇంజను మీద 4498 అనే అంకె ఉంటే యుద్ధానికి ముందుది. అసలు ఇంజనుకు 1946లో నంబరు మారింది కనుక, తరువాతి బొమ్మ మీద 7 అని ఉంటుంది. మెరూన్ రంగు డచెస్ ఆఫ్ ఎథాల్ 6231, ఆకుపచ్చ డచెస్ ఆఫ్ మాంట్రోజ్ 46232 యుద్ధానంతరపువే, గట్టివి. వీటిలో మాంట్రోజ్ విరివిగా దొరుకుతుంది కాబట్టి మొదటిసారి కొనేవారికి అదే తగినది.

ఈ ఇంజన్లు మూడు పట్టాలవి. అడుగున మధ్య పట్టాను తాకే లోహపు నాలుకలు ఉంటాయి. రెండు పట్టాల మీద పెడితే షార్టు అవుతుంది. డబ్లోలో రెండు పట్టాల రకం 1959లోనే వచ్చింది. మోటారును శుభ్రం చేయాలన్న ఉత్సాహంతో ఆర్మేచరును (మోటారులో తిరిగే తీగచుట్ట భాగాన్ని) బయటికి లాగవద్దు, లాగితే పాత అయస్కాంతం బలం తగ్గి, ఆ తరువాత మోటారు ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతుంది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. 1964లో హార్న్‌బీ యాజమాన్యం ట్రయాంగ్ వారి చేతికి వెళ్లిన తరువాత, డబ్లో అచ్చులు రెన్ అనే సంస్థకు చేరాయి. అవే అచ్చులు కనుక ఆకారం చూసి తేడా చెప్పలేము. పెట్టె మీదా అడుగునా ఉన్న పేరు చదివి తీరాలి.

ధర కట్టేటప్పుడు అమ్మేవారు అడుగుతున్న ధరలను కాక, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలను చూడాలి. అసలు పెట్టె ఉంటే విలువ బాగా పెరుగుతుంది, మళ్లీ రంగు వేసినదైతే బాగా పడిపోతుంది. అందుకే మన దగ్గర ఉన్నదానికి పెయింటరు చేత మెరుగు దిద్దించవద్దు. విదేశం నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపిన మొత్తాన్నే ధరగా లెక్కవేసుకుని, డబ్బు పంపేలోపు అడుగుభాగమూ బఫర్లూ స్పష్టంగా కనిపించే ఫొటోలు అడిగి తెప్పించుకోవాలి.