పాత చీర తిరిగొస్తే క్లెయిమా, పోలీసు కంప్లెయింటా?

కడపలో కూర్చుని ఆన్‌లైన్‌లో ధర్మవరం పట్టుచీరలు అమ్మేవాళ్లకు ఈ తలనొప్పి తెలిసిందే, పంపింది కొత్త చీర, రిటర్న్ కవర్లో వచ్చేది ఫాల్ కుట్టి పసుపు మరక పడ్డ పాతది. ముందు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే మీరు చీరలు అమ్మే ఆన్‌లైన్ సైట్‌లో, నష్టపరిహారం కోసం క్లెయిమ్ వేయడమే నయం. ఖర్చుండదు, కానీ గడువు కొద్ది రోజులే, పైగా కవరు మీద లేబుల్ కనపడేలా, సీలు తీసినప్పటి నుంచి చీర మడత విప్పేదాకా ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో లేకపోతే తిరగ్గొట్టేస్తారు (అంచు పోల్చి చూపడానికి ప్యాకింగ్ వీడియో కూడా ఉంచుకోండి).

పోలీసు కంప్లెయింట్ అంటారా, భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది, నిజమే, కానీ ఒక్క చీర కోసం స్టేషన్ చుట్టూ తిరిగితే షాపు ఎవరు చూస్తారు? అదే అడ్రసు నుంచి పదే పదే జరుగుతుంటే మాత్రం వదలొద్దు, ఆ క్లెయిమ్ వీడియోలే అక్కడా పనికొస్తాయి.