అంబాసిడర్ సెల్ఫ్ సమస్య: మీటరు పెట్టి చూసే మేస్త్రి

పాత కారు ఉన్నవాళ్లకు ఒక మంచి ఎలక్ట్రీషియన్ దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే విజయవాడ ఆటోనగర్‌లో నాకు దొరికిన మేస్త్రి గురించి వివరంగా రాస్తున్నాను. లారీలకు బాడీలు కట్టే షెడ్ల మధ్య చిన్న దుకాణం, బోర్డు కూడా లేదు. పాత కార్ల వైరింగ్ మేస్త్రి ఎవరని అక్కడ అడిగితే చూపిస్తారు.

మాది 1984 అంబాసిడర్, మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. పొద్దున సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) ఒక్కసారి కొడితే చాలు, అందుకునేది. ఎండలో కాసేపు తిరిగి పెట్రోలు బంకులో ఆపితే మాత్రం, తాళం తిప్పగానే ‘టక్’మని ఒక్క చప్పుడు, హెడ్‌లైట్లు మసకబారడం, అంతే. చూపించిన చోటల్లా ఒకటే మాట: బ్యాటరీ మార్చండి, లేకపోతే సెల్ఫ్ విప్పి బుష్‌లు, కార్బన్లు వేయించండి. బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ పొద్దున అంత చురుగ్గా తిరుగుతుంటే కార్బన్లు అరిగాయంటే నమ్మబుద్ధి కాలేదు.

ఈ మేస్త్రి స్పానరు కన్నా ముందు మీటరు తీశారు. ఇంజన్ అందుకోకుండా కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరు లాగేసి, కుర్రాడిని సెల్ఫ్ కొట్టమన్నారు. మీటరు వైరు చివరి ముల్లును కేబుల్ బిగించే టెర్మినల్ మీద పెట్టలేదు, మధ్యలోని బ్యాటరీ సీసపు పోస్టు మీదే పెట్టారు. పోస్టుల దగ్గర 10.8 వోల్టులు నిలబడ్డాయి. “బ్యాటరీ బాగుంది సార్, దాన్ని ముట్టుకోవద్దు,” అన్నారు. తర్వాత ఒక ముల్లు నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి మళ్లీ కొట్టించారు. 1.8 వోల్టులు ఆ దారిలోనే పోతున్నాయి! అటు పాజిటివ్ వైపు 0.9. అంటే సెల్ఫ్‌కు చేరుతున్నది ఎనిమిది వోల్టుల పైచిలుకే. ఒక్కో జాయింటు దగ్గర 0.2 కన్నా ఎక్కువ పోకూడదని ఆయన లెక్క.

అంత ఎలా పోతుందని అడిగితే విసుక్కోకుండా చెప్పారు. సెల్ఫ్ లాగేది వందకు పైన ఆంపియర్లు. 150 ఆంపియర్లు పోయే దారిలో ఓములో వందో వంతు అడ్డంకి ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే ఖర్చవుతుంది. రాగి వేడెక్కితే నిరోధం ఇంకా పెరుగుతుంది. బంకులో మొండికేసిన బండి ఇంటి దగ్గర పొద్దున ఎందుకు మాట వింటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్నుంచి బాడీకి కరెంటు పోవాల్సిన అసలు దారి రాగి అల్లిక ఎర్త్ పట్టీ. అది సరిగ్గా లేకపోతే కరెంటు చోక్ కేబుల్ వెంట పోతుంది. పట్టుకొని చూడమన్నారు. కేబుల్ నిజంగానే వెచ్చగా ఉంది. ఆ పట్టీ బోల్టు విప్పితే కింద నిగనిగలాడే తెల్ల పెయింటు. డెంటింగ్, పెయింటింగ్ చేసినవాళ్లు ఎర్త్ చోటు మీద కూడా రంగు కొట్టి, దాని మీదే పట్టీ బిగించారు. ఇక నెగటివ్ టెర్మినల్ సంగతి. నెగటివ్ పోస్టు పాజిటివ్ కన్నా సన్నం. ఎవరో పాజిటివ్ సైజు టెర్మినల్ వేసి, వదులు పోవడానికి లోపల రేకు ముక్క దోపారు. పాజిటివ్ కేబుల్ తొడుగును బ్లేడుతో చీరితే లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు కొస) దగ్గర సగం తీగలు తెగి, మిగిలినవి పచ్చగా పొడిబారి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు.

పని శుభ్రంగా చేశారు. ముందు నెగటివ్ విప్పి, చివర్లో అదే బిగించారు. ఎర్త్ చోటును లోహం మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్దారు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేసి, లగ్‌లను సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కారు. కొత్త ఎర్త్ పట్టీ, సరైన సైజు టెర్మినళ్లు వేసి, బిగించాక పైన వాజలైన్ పూశారు. మళ్లీ మీటరు పెట్టి చూపించారు: ఎర్త్ వైపు 0.1, పాజిటివ్ వైపు 0.3. సామానుతో కలిపి 2,400 రూపాయలు తీసుకున్నారు. తీసేసిన కేబుళ్లు నేను అడగకుండానే డిక్కీలో పెట్టించారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

లోటు లేదనను. లగ్‌ల మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఇంజన్ వేడికి అది జిగురు కారుతుంది. వేడి చేస్తే బిగుసుకునే స్లీవు ఆయన దగ్గర లేదు, కావాలంటే మీరే కొని తీసుకెళ్లండి. బిల్లు ఇవ్వరు. కూర్చోవడానికి నీడ తక్కువ.

మీ బండికీ వేడెక్కాకే ఈ జబ్బు వస్తుంటే, బాగా నడిపి నేరుగా దుకాణం ముందు ఆపండి. చల్లబడిన బండికి ఆయన మీటరు పెట్టరు, మళ్లీ ఒక చుట్టు తిప్పి రమ్మంటారు. ఫ్యూజులు, హార్న్ పని కూడా ఉంటే పొద్దున్నే చెప్పాలి. మధ్యాహ్నం దాటాక కొత్త వైరింగ్ పని మొదలుపెట్టరు.