గండికోటకు స్కూటీ మీద, ఒక్కదాన్నే: నాలుగేళ్ల తర్వాత నా మాట

మొదటిసారి వెళ్లినప్పుడు లోయ అంచున ఇరవై నిమిషాలు కూర్చుని, పది ఫొటోలు తీసుకుని, "ఇంతేనా?" అనుకుంటూ వచ్చేశాను. ఆ తర్వాత నాలుగేళ్లలో ఇంకో ఆరుసార్లు వెళ్లాను. ప్రతిసారీ అనంతపురం నుంచే, ప్రతిసారీ ఒంటరిగానే. నా బండి 110 సీసీ స్కూటీ. దానికే ఈ దారి చాలా ఎక్కువని మా నాన్న ఇప్పటికీ అంటారు.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే తాడిపత్రి చేరేసరికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి. పొట్ట నిండా తినండి, మళ్లీ సరైన తిండి ఎప్పుడో తెలియదు. అక్కడి నుంచి బండల లారీలు మొదలవుతాయి. వాటి వెనక పడితే కళ్లలో రాతి పొడి ఖాయం. హెల్మెట్‌కు అద్దం లేకపోతే ఆ ముక్క దారి నరకమే. ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా వెళ్తాను. పెట్రోలు, నీళ్లు, అరటిపళ్లు అన్నీ జమ్మలమడుగులోనే. అక్కడి నుంచి కోటకు దాదాపు పదిహేను కిలోమీటర్లే.

దీన్ని 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అనడం ఈ చోటుకు మేలు చేయలేదని నాకనిపిస్తుంది. అమెరికాలోది మైలుకు పైగా లోతు. ఇక్కడ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే పెన్న గండి లోతు సుమారు మూడువందల అడుగులు. ఆ పోలిక నెత్తిన పెట్టుకుని వస్తే నాలాగే ఇరవై నిమిషాల్లో తిరిగిపోతారు. పైనుంచి చూస్తే ఇది బొమ్మలా ఉంటుంది. కాళ్లతో దిగాలి, అప్పుడు తెలుస్తుంది.

ఆ రాళ్లను చాలామంది గ్రానైట్ అని రాస్తారు. కాదు, అది క్వార్ట్‌జైట్. ఎప్పుడో పేరుకున్న ఇసుక గట్టిపడి, బిగుసుకుని అయిన రాయి. భూగర్భ శాస్త్రంలో ఈ పొర పేరే గండికోట క్వార్ట్‌జైట్. మనకెందుకంటారా? ఈ రాయి చెక్కిన దిమ్మెల్లా విరుగుతుంది. పట్టుకున్నచోట అంచు కోస్తుంది, అడుగు వేసినచోట పైభాగం నున్నగా జారుతుంది. మొదట మామూలు స్పోర్ట్స్ బూట్లతో దిగాను, కుడి అరచేయి బొటనవేలి కింద చీరుకుపోయింది. మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడు గట్టి అడుగున్న బూట్లు, తోటపనికి వాడే గ్లవ్స్ తీసుకెళ్తున్నాను. ఆ గ్లవ్స్ నా మొత్తం సామానులో చవకైన వస్తువు, అన్నిటికన్నా పనికొచ్చేదీ అదే.

మూడోసారి మే నెలలో వెళ్లాను, బుద్ధి తక్కువై. రెండు లీటర్ల నీళ్లు చాలనుకున్నాను. దిగడం బాగానే దిగాను. పదకొండు దాటేసరికి రెండువైపుల గోడలూ పెనంలా కాలుతున్నాయి. గాలి లేదు. ఫోన్ వేడెక్కి ఆగిపోయింది, మ్యాప్ దాంట్లోనే ఉంది. పైకి చూస్తే అన్ని రాళ్లూ ఒకేలా ఉన్నాయి, నేను దిగిన సందు ఏదో తెలియలేదు. టెన్షన్‌తో మిగిలిన నీళ్లన్నీ ఒకేసారి తాగేశాను.

అప్పుడు కనబడ్డాడు గొర్రెల కాపరి తాత. "యాడికి మా పోతాండావు ఈ యెండలో? ఒగదానివే వచ్చినావా?" అని కాసేపు తిట్టి, తడి గోనెపట్ట చుట్టిన క్యానులోంచి నీళ్లు పోశాడు. ఫ్రిజ్ నీళ్ల కన్నా చల్లగా ఉన్నాయి. పోతూపోతూ ఒక మాట చెప్పాడు. "రాళ్లు చూసి దావ పట్టుకోవద్దు మా. పెంటికలు యాడుంటే ఆడ దావ." నిజమే, గొర్రె నడవలేని చోట పెంటికలు ఉండవు. అప్పటినుంచి నేను నేల చూస్తూనే ఎక్కుతున్నాను. ఇప్పుడు నాలుగు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కాగితం మీద గీసుకున్న దారి లేకుండా దిగను. తొమ్మిదిన్నరకల్లా పైకి వచ్చేస్తాను. మే మాటెత్తను. నవంబరు నుంచి జనవరి దాకా హాయి.

వాన పడ్డాక రాళ్ల మీద దిగే ఆలోచనే వద్దు. నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు కింద నడవడానికి చోటే ఉండదు. అప్పుడు కోటలో తిరగండి. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం తాపీగా చూస్తే పూట గడిచిపోతుంది. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, ఇక్కడ ఏలుతున్న పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను పట్టుకున్నాడు. అంచున నిలబడి కిందికి చూస్తే, కోట కట్టినవాళ్లకు ఆ వైపు కందకం తవ్వే పని ఎందుకు లేకపోయిందో అర్థమవుతుంది.

ఒంటరి ఆడవాళ్లకు ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. ఊళ్లోవాళ్లతో ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. ఇబ్బందల్లా శనివారం రాత్రి స్పీకర్లతో, సీసాలతో దిగే గుంపులతోనే. పగిలిన గాజు మీద పడి ఒకసారి నా టైరే పోయింది. ఇంకోసారి టెంట్ అద్దెకిచ్చినాయన టాయిలెట్ ఉందని చెప్పి, తీరా వెళ్తే పొదలు చూపించాడు. అందుకే ఇప్పుడు రాత్రి జమ్మలమడుగులో పడుకుని, మామూలు రోజుల్లో మాత్రమే వెళ్తున్నాను.

మరో రోజు చేతిలో ఉంటే బెలుం గుహలు కలుపుకోండి. 3,229 మీటర్ల గుహలో ఒకటిన్నర కిలోమీటరు దాకా చూడనిస్తారు. లోపల ఉక్కపోత మాత్రం మామూలుగా ఉండదు.

వచ్చే డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాను. ముందు స్కూటీ వెనక టైరు మార్పించాలి.