పరహస్తం చేరిన పుస్తకాలు: బుక్‌క్రాసింగ్‌తో ఏడేళ్లు

పుస్తకం పరహస్తం చేరిందంటే ఇక పోయినట్టే అంటారు పెద్దలు. ఒకవేళ వచ్చినా చిరిగి వస్తుందని ముక్తాయింపు కూడా ఇస్తారు. ఏడేళ్లుగా నేను కావాలనే ఆ పని చేస్తున్నాను. పెద్దల మాట ముప్పాతిక వంతు నిజమే. మిగిలిన పాతిక వంతు కోసమే ఈ సమీక్ష.

బుక్‌క్రాసింగ్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2001 ఏప్రిల్‌లో రాన్ హార్న్‌బేకర్ అనే ఆయన అమెరికాలో మొదలుపెట్టిన వెబ్‌సైట్ ఇది. మనం చదివేసిన పుస్తకాన్ని సైట్‌లో నమోదు చేస్తే ఒక నంబరు ఇస్తుంది. దాన్ని అట్ట లోపల రాసి పుస్తకాన్ని ఎవరికైనా ఇవ్వొచ్చు, లేదా ఏ బెంచీ మీదో వదిలేయొచ్చు. దొరికినవాళ్లు ఆ నంబరు కొట్టి ఎక్కడ దొరికిందో, ఎలా ఉందో రాస్తారు. పేరు చెప్పక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. 2004లో ‘బుక్‌క్రాసింగ్’ అన్న మాట కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది.

మొదట్లో నాకు బెంచీల పిచ్చి ఉండేది. పుస్తకం పెట్టి, పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి చూడటం. ఇంటికొచ్చాక గంటకోసారి ఫోన్ తీసి చూడటం. పరీక్షా ఫలితాల టెన్షన్ కూడా అంత ఉండేది కాదు. ఏడేళ్లలో అలా వదిలినవి 40 దాకా ఉంటాయి, కబురు వచ్చింది ఆరింటికే. మిగతావి ఎవరి అలమారాలో ఉన్నాయో, చెత్తబుట్టలోకే పోయాయో తెలియదు. ఇది సైట్ లోపం కాదు. దొరికిన పుస్తకం చదవడం వేరు, కూర్చుని నాలుగు మాటలు రాయడం వేరు. రెండోదానికి బద్ధకం అడ్డొస్తుంది. నాకూ వస్తుంది.

అనుభవం మీద తెలిసినవి కొన్ని. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టకపోతే ఒక్క జల్లుకే పేజీలన్నీ అతుక్కుపోతాయి. పైన పెద్ద అక్షరాలతో ‘ఎవరూ పోగొట్టుకున్నది కాదు, తీసుకెళ్లండి’ అని రాయకపోతే, మంచివాళ్లు ముట్టుకోరు, మరీ మంచివాళ్లు ‘దొరికిన వస్తువుల’ కౌంటర్లో అప్పజెప్తారు. చిరిగిన పేజీకి మామూలు సెలోటేప్ వేయకండి, కొన్నాళ్లకు పచ్చబడి జిగురు పక్క పేజీకి పాకుతుంది. లోపలి పేజీలు ఒకసారి తిరగేయండి. నేను తిరగేయకుండా వదిలిన ఒక పుస్తకంలో ‘ప్రేమతో’ అని స్నేహితుడు రాసిచ్చిన సంతకం ఉంది. దొరికినావిడ ఆ సంగతి కూడా సైట్‌లో రాసింది. ఆ స్నేహితుడికి ఈ సైట్ సంగతి ఇప్పటికీ తెలియదు, తెలియకుండానే ఉండనివ్వండి.

నా దృష్టిలో అసలు మజా రింగ్‌లో ఉంది. ఒక పుస్తకం వరసగా నలుగురైదుగురి చేతులు మారి తిరిగి సొంతదారు దగ్గరికి వస్తే అది రింగ్. తిరిగి రానక్కర్లేదనుకుంటే రే. పోస్టు ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు కాబట్టి బండ అట్టల పుస్తకాలు పనికిరావు. ఎవరో ఒకరు పుస్తకం మీద కుంభకర్ణుడిలా నిద్రపోతారు, పైగా అడగాలంటే మనకే మొహమాటం. 12 మందితో మొదలుపెట్టిన నా మొదటి రింగ్ మూడో మనిషి దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఐదుగురిని మించనివ్వను, తలా ఒక నెల గడువు.

పుస్తకం తిరిగొచ్చిన రోజు మాత్రం వేరు. కిందటేడు ఒక పాత నవల పది నెలలు తిరిగి వచ్చింది. వీపు మీద కొత్తగా రెండు మడతలు, ఒక మూల వంగింది, పేజీలు ఇంకాస్త పసుపెక్కాయి. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురు, గాలి తగిలి అలా రంగు మారుతుంది. చదివినవాళ్ల తప్పేమీ లేదు. 112వ పేజీలో ఎవరో పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీసి, పక్కన ‘ఈమె అబద్ధమాడుతోందా?’ అని రాశారు. దాని కింద నీలం సిరాతో వేరే దస్తూరీ: ‘తొందరపడకండి, ఇంకో 40 పేజీలు.’ ఆ కింద మూడో చేతిరాత, చిన్న అక్షరాలు: ‘చదివేశాను. ఇప్పటికీ తెలియలేదు.’

ఆ ముగ్గురిలో ఎవరూ ఎవరికీ తెలియదు. ఇదే నవలను నేను అంతకుముందు రెండుసార్లు చదివాను, ఆమె అబద్ధమాడుతోందన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. మూడోసారి చదవడానికి కూర్చున్నాను.

కబురు కోసం ఎదురుచూసే స్వభావం మీదైతే బెంచీలు వద్దు, నేరుగా రింగ్‌తో మొదలుపెట్టండి. మళ్లీ చూడకపోతే నిద్రపట్టని పుస్తకాన్ని ఏ రకంగానూ ఇవ్వకండి. నా నవల పోయిన వారం రెండో విడతకు బయల్దేరింది. కవర్ అంటించే ముందు 112వ పేజీ తీసి, ఉన్న కాస్త జాగాలో నా సమాధానం కూడా ఇరికించాను.